దడికి అటూ ఇటూ



పొద్దున ఏడు కాకముందే మా వీధిలోకి కూరగాయల ఆటో వస్తుంది. మైకులో రికార్డు చేసిన గొంతు, "బెండకాయలమ్మా, వంకాయలమ్మా, టమాటాలమ్మా" అంటూ వీధి మొగలోంచే వినపడుతుంది. ఐదెకరాల రైతు ఇల్లాలు, పదెకరాల రైతు ఇల్లాలు, మిరపకోతకు బయల్దేరిన కూలి తల్లి, అందరం సంచులు పట్టుకుని ఆ ఆటో చుట్టూ చేరతాం. టమాటాలు మదనపల్లె వైపు నుంచి వచ్చినవంటాడు. మిగతావి ఎక్కడివో ఆటో అబ్బాయికే తెలియదు.

మాది పర్చూరు దగ్గర ఒక పల్లె. 2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. ఎటు చూసినా నల్లరేగడి. వానలకు పత్తి, మిరప, చలికాలానికి శనగ, పొగాకు. గుంటూరు యార్డుకు పోయే మిరప టిక్కీలు మా ఊరి కల్లాల్లోంచే లారీలెక్కుతాయి. ఇంత పండించే ఊళ్ళో తోటకూర కట్ట కోసం ఆటో దారి చూడటం నాకు చాలా కాలం తప్పుగా అనిపించలేదు. అందరూ అలాగే బతుకుతున్నాం కదా అనుకున్నాను.

నేను ఈ ఇంటికి కాపురానికొచ్చింది 1986లో. అప్పటికి పెరడు మా అత్తగారి చేతిలో ఉండేది. బావి పక్కన పొట్లపాదు, దాని పక్కన దొండపాదు, గోడ వారన చిక్కుడు, వంటింటి నీళ్ళు పారేచోట చేమ, బచ్చలి. పొట్లకాయ వంకర తిరగకుండా చివరన చిన్న రాయి కట్టేవారు. పందిరికి కావలసిన కట్టె అంతా పత్తి చేలోంచే వచ్చేది. ఆవిడ విత్తనాలు కొన్న సంగతి నేను చూడలేదు. ముదిరిన బీరకాయ తీగ మీదే ఎండేది. సొరవిత్తనాలు పేడలో కలిపి గోడకు పిడకలా కొట్టేవారు. వంగ విత్తనాలు బూడిదలో కలిపి చిన్న మూటకట్టి పొయ్యి పైన ఉట్టికి తగిలించేవారు. పొగకు పురుగు పట్టదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. అప్పట్లో కూరగాయలు పెరట్లోనే కాసేవని కాదు. పత్తి చేలో అక్కడక్కడా బెండ, దోస ఉండేవి. సాళ్ళ మధ్య కంది ఉండేది. గట్ల మీద గోగు, ఆముదం. మిరపలో ధనియాలు చల్లేవాళ్ళు. కలుపుకు వెళ్ళిన ఆడవాళ్ళు సాయంత్రం కొంగులో ఏదో ఒకటి మూటకట్టుకు వచ్చేవాళ్ళు. చెంచలికూర, పొన్నగంటికూర, బుడమకాయలు. బుడమకాయల్ని కోసి ఉప్పులో ఊరేసి ఎండబెడితే ఏడాదంతా వరుగులు. పెరటికీ చేనుకూ మధ్య దడి ఉండేది గానీ అది గేదెలు రాకుండా కట్టిన దడి. మొక్కలకు దాంతో పనిలేదు.

దడి అవతల మార్పు మాత్రం అప్పటికే మొదలైంది. 1980ల మొదట్లో పత్తి పచ్చపురుగు మీదికి సింథటిక్ పైరిత్రాయిడ్లని కొత్త రకం మందులొచ్చాయి. మొదట్లో వాటి దెబ్బ చూసి జనం ముచ్చటపడ్డారు. పొద్దున కొడితే సాయంత్రానికి పురుగు కింద పడేది. ఆ మందుతో పచ్చపురుగుతో పాటు దోమల్ని తినే పురుగులు కూడా పోతున్నాయని మాకు తెలియదు. అప్పటిదాకా పత్తిలో పెద్దగా పట్టించుకోని తెల్లదోమ, తనను తినేవాళ్ళు లేక, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏటేటా పెరుగుతూ పోయింది. చెట్టును కాస్త కదిపితే పిండి ఎగిరినట్టు లేచేది. ఆకుల మీద జిగురు కారి, దాని మీద మసి పట్టి, పత్తి చేలు నల్లబారాయి. విచ్చిన పత్తి కూడా నల్లబారింది. ఎక్కువ కొడితే తగ్గుతుందనుకుని ఎక్కువ కొట్టారు. 1987లో మా ప్రాంతంలో ఎందరో పత్తి రైతులు అప్పులు తీర్చే దారిలేక, అదే పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళలో నా వయసు వాళ్ళెవరిని అడిగినా ఆ సంవత్సరం చెబుతారు. నేను అప్పుడు కొత్త కోడల్ని. పాడె లేచిన ఇళ్ళకు మా అత్తగారి వెనకాల వెళ్ళి గడప బయట నిలబడ్డాను.

ఆ ఏడే మా పెరట్లో బెండ పోయింది. ముందు ఆకు ఈనెలు పసుపు గీతల్లా తేలాయి. తర్వాత ఆకంతా పసుపు. కాయలు తెల్లగా, గట్టిగా, పీచుబట్టి శంఖాల్లా తయారయ్యాయి. ఈ పల్లాకు తెగులునే కొందరు శంఖు రోగమని కూడా అంటారు. దీన్ని మోసేది తెల్లదోమే. తెగులున్న చెట్టు రసం పీల్చి, పక్క చెట్టు మీద వాలితే చాలు. చేలో నల్లబారిన పత్తినీ పెరట్లో పచ్చబారిన బెండనూ కలిపి చూసే తెలివి అప్పుడు నాకు లేదు. మా అత్తగారికి ఉంది. "చేలో దోమకు దడి కనపడుద్దా అమ్మాయ్?" అన్నారు. ఆవిడ అప్పుడన్న ఆ మాటే ఈ రోజు నేను చెప్పబోయేదానికంతా మొదలు.

ఆ తర్వాత ఏళ్ళల్లో పత్తి పెరటి గోడ దాకా వచ్చింది. దోస, కంది, గోగు చేలోంచి పోయాయి. ఏడాదికి ఏడాది బావి అడుగంటి, చివరకు పూడ్చేశాం. పెరట్లో కొన్నాళ్ళు ట్రాక్టరు నిలిచింది, కొన్నాళ్ళు మందు డబ్బాలు, తైవాన్ పంపు నిలిచాయి. కరివేప చెట్టు, మునగ చెట్టు మాత్రం మిగిలాయి. ఆటో వచ్చింది.

మళ్ళీ పలుగు పట్టింది 2017లో. మా కోడలు నీళ్ళాడే నెలల్లో రక్తం బాగా తక్కువుందని, ఆకుకూరలు దండిగా పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. ఆటోలో వచ్చే పాలకూర నీళ్ళలో వేసి కడిగితే మందు వాసన వచ్చేది. ఆ వాసన మాకు కొత్త కాదు. మా చేలోంచి వచ్చే మిరపకూ అదే వాసన. కడుపుతో ఉన్న పిల్లకు ఆ కూర వండటానికి చెయ్యి రాలేదు. ఇంటి వెనక ఐదు సెంట్ల జాగా ఉంది. నేనే చేస్తానన్నాను.

మొదటి ఏడు అంతా నష్టమే. నల్లరేగడి సంగతి మీలో చేలు చేసేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు గానీ, పట్నంలో ఉండి ఈ నేలలో కుండీలు నింపుకునే అమ్మాయిల కోసం చెబుతాను. ఈ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అందుకే ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు విడుస్తుంది. తడిగా ఉన్నప్పుడు తొక్కితే, తవ్వితే, ఆరాక రాయే. బాగా ఆరిపోయాక తవ్వితే పలుగు దిగదు. ఈ రెంటికీ మధ్య ఒకటి రెండు రోజులు పదును ఉంటుంది. మట్టి పిడికిట పట్టి వదిలితే ముద్దగా నిలవాలి, వేలితో తాకితే పొడిగా రాలాలి. ఆ రెండు రోజుల్లో పని చెయ్యాలి. నేను మొదటి వాన పడిన మర్నాడే ఉత్సాహంగా దిగి తొక్కాను. గింజలు వేశాను. నాలుగు రోజుల ఎండకు పైన పెచ్చు కట్టి, సగం మొలకలు ఆ పెచ్చు కింద వంగి చచ్చాయి. వంగ నారు పోశాను. పక్షం రోజుల ముసురు పట్టింది. నీళ్ళు ఇంకక, మొదళ్ళు మెత్తబడి నారంతా ఒక్క వారంలో పడిపోయింది. నారుకుళ్ళు.

రెండో ఏడు జానెడు ఎత్తున మళ్ళు కట్టించాను. వాగు ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపాను. మా వైపు శనగ నూర్చిన పొట్టుకు కొదవలేదు. అది మళ్ళ మీద వేలెడు మందాన పరిచాను. నేల పెచ్చు కట్టడం ఆగింది, నెర్రెలు తగ్గాయి, పొట్టు కింద వానపాములు చేరాయి. ఇన్నేళ్ళలో నేను చేసిన పనులన్నిట్లో ఎక్కువ ఫలం ఇచ్చింది ఇదే. అన్నిటికంటే ఖర్చు తక్కువైనది కూడా ఇదే.

నీళ్ళు ఇంకో కథ. మా బోరు నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళు పెట్టిన చిక్కుడు ఆకుల అంచులు మాడి, రెండు నెలల్లో పాదు ఎండిపోయింది. చిక్కుడు జాతి ఉప్పుకు ఓర్వదు. పాలకూర బాగా ఓర్చుకుంది, టమాటా కొంతవరకు. సాగర్ కుడికాలువలో 1967లో నీళ్ళు వదిలారు గానీ, చివరి ఊళ్ళవాళ్ళం మాకు వంతు వచ్చినప్పుడే చెరువు నిండుతుంది. అందుకని డాబా మీద వాన నీళ్ళు గాబులోకి వచ్చేలా గొట్టం పెట్టించాం. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు చిక్కుడుకే. ఉప్పునీళ్ళు గోంగూరకు, పాలకూరకు. ఎవరి నీళ్ళు వాళ్ళకు. గోంగూర గురించి వేరే చెప్పను. గుంటూరు గాలి తగిలితే చాలు అది పెరుగుతుంది.

బీర సంగతి మాత్రం ఓపిగ్గా చెప్పాలని ఉంది. మూడో ఏడు జగిత్యాల లాంగ్ బీర వేశాను. పందిరి నిండా పూలు. వారాలు గడిచినా ఒక్క కాయ నిలవలేదు. వేలెడు పిందె పసుపుబారి రాలిపోయేది. ఎరువు తక్కువైందని ఎరువు వేశాను. నీళ్ళు ఎక్కువయ్యాయని నీళ్ళు తగ్గించాను. అసలు సంగతి పూలలో ఉంది. బీరకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. ఆడపూవు వెనక చిన్న కాయ రూపం ఉంటుంది. మగపూవు గుత్తిలో వస్తుంది, దాని వెనక కాడ తప్ప ఇంకేం ఉండదు. మొదట మగపూలే వస్తాయి. ఇక అసలు మెలిక ఏమిటంటే, దోస, కాకర, గుమ్మడి పూలు పొద్దున్నే విచ్చుకుంటే, బీర, సొర, పొట్ల పూలు సాయంత్రం దీపాలవేళ విచ్చుకుంటాయి. తేనెటీగలు అప్పటికి గూళ్ళకు చేరతాయి. ఆ వేళ తిరిగే సీతాకోకల్లాంటి రాత్రి పురుగులే వీటికి పెళ్ళి పెద్దలు. మా పెరటి చుట్టూ మూడు వైపులా పత్తి, మిరప. సాయంత్రాలు పంపుల చప్పుడు. ఆ పురుగులు ఎక్కడ మిగులుతాయి?

అప్పటికి మా మనవడికి రెండేళ్ళు నిండాయి. వాడు సెల్లు లైటు పట్టుకుంటే నేను మగపూవు తుంచి, రేకులు ఒలిచి, పుప్పొడి ఆడపూవు మధ్యలో అద్దేదాన్ని. నాలుగు రోజులకు పిందె మెడ వంచి దిగింది. తర్వాత పెరుగుతూ పోయింది. అలా అద్దిన పూలలో చాలావరకు కాయలయ్యాయి. ఆ ఏడాది బీరకాయ పచ్చడి, బీరకాయ పాలకూర, బీరపొట్టు పొడి తిని తిని మా ఆయన ఇంక బీర పేరెత్తొద్దన్నారు. ఇరుగు పొరుగుకు సంచులతో పంపాను. మా అత్తగారు పందిరి కింద మంచం వేయించుకుని మధ్యాహ్నాలు అక్కడే పడుకునేవారు.

ఆ సంతోషం మీదే నేను చేసిన పెద్ద తప్పు జరిగింది. చెప్పకుండా దాటేస్తే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

వంగ బాగా వచ్చింది. భాగ్యమతి రకం, నీలం కాయలు. కొమ్మల చివర్లు వడలి వాలిపోవడం మొదలైంది. తుంచి చీల్చి చూస్తే లోపల పురుగు. మొవ్వు తొలిచే పురుగు, అదే తర్వాత కాయలోకి పోతుంది. వాలిన కొమ్మల్ని రోజూ తుంచి తగలేస్తే చాలావరకు అదుపులో ఉంటుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు ఓపిక చాలలేదు. చేలో మిరపకు కొట్టిన మందు డబ్బా అడుగున కాస్త మిగిలి ఉంది. బకెట్టులో కలిపి, చిన్న పంపుతో వంగ మీద కొట్టాను. పందిరి మీదికీ తుంపర పోయింది. కాయ చూస్తే శుభ్రంగా ఉంది. మూడో రోజు కోసి గుత్తివంకాయ కూర వండాను. మా అత్తగారు ముద్ద కలుపుతూ, "దీనికి ఏమన్నా కొట్టావా?" అని అడిగారు. కొట్టానన్నాను. ఆవిడ పళ్ళెం పక్కన పెట్టి, పిల్లవాడి పళ్ళెం కూడా తీసి పక్కన పెట్టారు. ఒక్క మాట అనలేదు. డబ్బా మీద, మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. చదువుకున్నదాన్నయ్యుండీ అది చదవకుండా నా మనవడికి ఆ కూర వడ్డించాను. ఆ పళ్ళేలు నాకింకా కనిపిస్తాయి.

నెల తిరక్కుండా అదే వంగ మీద ఎర్రనల్లి లేచింది. ఆకుల అడుగున సన్నటి బూజు అల్లి, ఆకులు తెల్లబారిపోయాయి. నల్లిని తినే పురుగుల్ని నేనే చంపాను. 1987లో చేలో జరిగిందే మా ఐదు సెంట్లలో నా చేతుల మీదుగా మళ్ళీ జరిగింది. అప్పుడు తెలియలేదన్నాం. ఇప్పుడు తెలిసీ చేశాను.

అప్పట్నుంచి పెరట్లోకి వేపగింజల కషాయం తప్ప ఇంకే మందూ రాలేదు. లీటరు నీటికి యాభై గ్రాముల వేపపప్పు పొడి రాత్రి నానేసి, పొద్దున వడగట్టి, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం చల్లుతాం. అది పురుగును వెంటనే చంపదు, తిండి మానిపిస్తుంది, గుడ్లు పెట్టనివ్వదు. పొద్దున కొట్టి సాయంత్రం ఫలితం చూడటానికి అలవాటుపడ్డ కళ్ళకు ఇది నచ్చదు. మా ఆయనకు చాలా రోజులు నచ్చలేదు.

కాకరకూ బీరకూ పండుఈగ ఉంది. కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది, కాయ వంకర తిరిగి కుళ్ళుతుంది. దానికి వేప చాలదు. పిందె దశలోనే కాగితం పొట్లం తొడగడం, రాలిన కాయను ఆ పూటే ఏరి లోతుగా పాతిపెట్టడం, మగ ఈగలకు క్యూల్యూర్ బుట్ట కట్టడం. కాయను నేల మీద వదిలేస్తే లోపలి పురుగు మట్టిలోకి దిగి ఇంకో తరం ఈగై లేస్తుంది. ఇంతా చేసి ప్రతి ఏడూ మూడోవంతు కాకర దానికే పోతుంది. పోనీ అనుకోవడం నేర్చుకున్నాను.

2021లో వచ్చినదానికి మాత్రం పోనీ అనలేకపోయాం. ఆ చలికాలం మిరప పూతకొచ్చిన వేళ నల్ల తామరపురుగు దిగింది. మిరపకు తామరపురుగు కొత్త కాదు. పాతది ఆకుల మీద పడి అంచులు పైకి ముడిచేది. పై ముడత అంటాం. కింది ముడత తెల్లనల్లి వల్ల. ఈ నల్లది నేరుగా పువ్వులో దూరింది. పువ్వు విప్పి అరచేతిలో దులిపితే పదులకొద్దీ నల్లటి నలుసులు కదిలేవి. పూత రాలి, కాయ దిగలేదు. దీని పుట్టిల్లు మన దేశం కాదు, ఆగ్నేయాసియా. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనపడింది. ఆరేళ్ళకు గుంటూరు మిరప మీద పడింది. మాట వరసకు చెబుతున్నాను, మిరప కూడా మన నేలలో పుట్టింది కాదు. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో అమెరికా ఖండం నుంచి వచ్చింది. వచ్చి, గుంటూరు పేరే తన పేరు చేసుకుంది. చెట్టు ముందొచ్చింది, పురుగు నాలుగు వందల ఏళ్ళు దాటాక వెతుక్కుంటూ వచ్చింది.

మా ఆయన ఆ ఏడాది ఎన్ని తడవలు మందు కొట్టారో లెక్క ఆయనకే తెలుసు. లాం ఫారం శాస్త్రవేత్తలు చూడవచ్చి, మందు మీద మందు కొడితే ఇది పెరుగుతుందే గానీ తగ్గదని, నీలం జిగురు అట్టలు కట్టమని, చేను చుట్టూ రెండు మూడు వరసలు జొన్నో మొక్కజొన్నో ఉండాల్సిందని చెప్పారు. అప్పటికే ఆలస్యమైంది. మా వైపు చాలామంది మిరప పీకేసి ఇంకో పంట వేసుకున్నారు. మేమూ రెండెకరాలు పీకించాం. పెరట్లో నా పన్నెండు మిరప చెట్లు ఉన్నాయి. పోతాయని తెలుసు. పోయాయి. నా వేపకషాయం గానీ, నా నీలం అట్ట గానీ వాటిని కాపాడలేదు. చుట్టూ వందల ఎకరాల్లో లేచిన పురుగును ఐదు సెంట్ల దడి ఆపుతుందా? పెరటి తోట వేసుకుంటే ఇంటికి విషం తప్పుతుందని నేను వదినలకూ పిన్నులకూ చెప్పుకుంటూ తిరిగిన మాట సగమే నిజమని ఆ రోజు ఒప్పుకున్నాను.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. గాలికి పందిరి కూలింది. నిండా పూతమీదున్న చిక్కుడు పందిరి కింద నలిగింది. మునగ మొదటి పంగ దగ్గర విరిగిపడింది. అసలు దెబ్బ గాలిది కాదు. నల్లరేగడిలో నీళ్ళు నాలుగు రోజులు తియ్యలేదు. వేళ్ళకు గాలి అందక, నీళ్ళలో నిలబడ్డ చెట్టు నీళ్ళు చాలనట్టు వాడిపోయింది. మళ్ళు ఎత్తు కట్టినా పక్క కాలవ పూడిపోయి ఉంటే ఏం లాభం? ఆ కాలవ తీయించడం ఆ ఏడు నేనే వాయిదా వేశాను. బతికింది చేమ ఒక్కటే, అదీ ఇంకా పచ్చగా. చేలో నాటిన పొగాకు, మొలిచిన శనగ పోయిన వాళ్ళ ముందు నా చిక్కుడు గురించి ఏడవడం సిగ్గనిపించింది. సంక్రాంతి నాటికి విరిగిన మునగ మొద్దుకు నాలుగు చిగుళ్ళు వచ్చాయి. పందిరి మళ్ళీ కట్టాం. ఈసారి పత్తి కట్టె కింద సరివి గుంజలు పెట్టాం.

ఇన్ని పోయాయి కదా, ఏం మిగిలిందని అడగొచ్చు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన లెక్క ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కావాలి. ఐదుగురున్న మా ఇంటికి రోజుకు రెండు కిలోలు. నా పెరడు అంత ఇవ్వదు. ఎండాకాలం ఆకుకూర, దొండ తప్ప ఏమీ ఇవ్వదు. వానాకాలం నుంచి సంక్రాంతి దాకా సగం పైన ఇస్తుంది. ఉల్లి, బంగాళాదుంప, టమాటా ఆటోలోనే కొంటాను. కోడలికి రెండో కాన్పులో రక్తం తక్కువ కాలేదు. అది ఆకుకూరలవల్లేనని నేను చెప్పను, మాత్రలూ మింగింది. కానీ కూర కడిగేటప్పుడు ఆ వాసన లేదు.

ఇంకొకటి మిగిలింది. అది దడి దాటి వెళ్ళింది.

పెరట్లో మళ్ళ చుట్టూ బంతి, బొబ్బర్లు, ఆవాలు, ధనియాలు వేసేదాన్ని. బంతి పూలు పచ్చపురుగు తల్లిని లాగుతాయి, అది అక్కడే గుడ్లు పెడుతుంది. బొబ్బర్ల మీద పేనుబంక పడుతుంది. చూసేవాళ్ళకు అది రోగంలా ఉంటుంది. ఆ పేనును తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి. వచ్చి, పక్కన బెండ మీదికీ వంగ మీదికీ తిరుగుతాయి. 2018లో నేను పేనును చూసి బొబ్బర్లు పీకేశాను. ఇప్పుడు పీకను. ప్రకృతి వ్యవసాయం పని మీద రైతు సాధికార సంస్థ తరపున మా ఊరికి వచ్చే అమ్మాయిలు ఈ సంగతులు బొమ్మలు పట్టుకుని చెబుతారు. జీవామృతం చేయడం కూడా వాళ్ళే నేర్పారు. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి, రెండు వందల లీటర్ల నీళ్ళు. నా మటుకు నేను చూసింది చెబుతాను. జీవామృతం ఒక్కటి పోస్తే పురుగు పోదు. పొట్టు పరిచి, ఎరువు వేసి, నేల నిండా రకరకాల మొక్కలున్న చోట అది పనిచేస్తుంది. ఒక్కటే పంట ఉన్న చోట దాని మీద అంత ఆశ పెట్టుకోకూడదు.

మిచాంగ్ తర్వాతి వానాకాలం, మిరప నాటే ముందు, మా ఆయన పెరట్లోకి వచ్చి నిలబడ్డారు. చాలాసేపు బంతి వంక, బొబ్బర్ల వంక చూశారు. "వీటి గింజలు ఉన్నయ్యా?" అన్నారు. ఉన్నాయన్నాను. "ఎకరానికి సరిపోతయ్యా?" అన్నారు. సరిపోవు. ఉన్నంత ఇచ్చాను. చేను చుట్టూ మూడు వరసలు జొన్న వేశారు, సాళ్ళ మధ్య అక్కడక్కడా బంతి, గట్టు మీద బొబ్బర్లు, ఆముదం. మందు మానలేదు. తడవలు తగ్గాయి. నల్ల తామరపురుగు మళ్ళీ వచ్చింది, 2021లోలా రాలేదు. జొన్న వల్లా, వాతావరణం వల్లా, రెండూ కలిసా, నేను తేల్చి చెప్పలేను. ఒక సాయంత్రం చేలోంచి వస్తూ ఆయన తువ్వాలులో ఏదో మూట తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు. విప్పితే బొబ్బరికాయలు, నాలుగు బుడమకాయలు. బుడమకాయలు ఎవరూ వేయలేదు. గడ్డి మందు కొట్టని గట్టు మీద అవే మొలిచాయి. ఎక్కడినుంచి వచ్చాయో, ఇన్నేళ్ళు ఏ మట్టిలో ఉన్నాయో. మా అత్తగారు అప్పటికి లేరు. ఉంటే ఆవిడ చేత వరుగులు పెట్టించేదాన్ని. నేనే పెట్టాను. ఉప్పు ఎక్కువైంది.

ఈ ఏడు బెండ వేశాను. అర్క అనామిక. పల్లాకు తెగులును తట్టుకునే రకమని బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు చాలా ఏళ్ళ కిందట ఇచ్చారు. ఇన్నేళ్ళకు ఆ తట్టుకునే శక్తీ తగ్గుతోంది. ఈ పొద్దున రెండు చెట్లకు లేత ఆకు ఈనెల మీద పసుపు గీతలు కనపడ్డాయి. వేళ్ళతో సహా పీకి, మూటకట్టి దూరంగా తగలేశాను. వాటి పక్కనున్న మూడో చెట్టు మీద నాకు అనుమానంగా ఉంది. ఆకు ఎండకు ఎత్తి పట్టి చూస్తే ఒకసారి ఉన్నట్టు, ఒకసారి లేనట్టు ఉంది. నాలుగు లేత కాయలు ఉన్నాయి దానికి. రేపు పొద్దున్నే, ఆటో రాకముందే, వెళ్ళి మళ్ళీ చూడాలి.